చలికి ముడుచుకుపోయిన పెట్ట, మేత ముట్టడం లేదు – ఈ రాత్రికి ఏం చేయాలి?

మట్టిగూడు:
అందరికీ నమస్కారం. మా పెరట్లో ఆరు పెట్టలున్నాయి. వాటిలో గోధుమరంగు పెట్ట నిన్నటి నుంచి గుంపులో కలవడం లేదు. ఈకలన్నీ ఉబ్బించుకుని, తోక వాల్చేసి, గోడ పక్కన నిలబడి కునికిపాట్లు పడుతోంది. దాణా వేస్తే దగ్గరికి వస్తుంది కానీ ఒకటి రెండు సార్లు పొడిచి వదిలేస్తుంది. చలి బాగా పెరిగింది, దానికి తోడు ముసురు. మిగతా ఐదూ మామూలుగానే తిరుగుతున్నాయి. దీని వయసు రెండేళ్లు దాటింది. గుడ్లు మానేసి కొంతకాలమైంది. డాక్టర్ దగ్గరికి రేపు గానీ తీసుకెళ్లలేను. ఈ రాత్రి గడిచేదెలా అని చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

గడ్డివాము:
ముందు దాన్ని ఇంట్లోకి తెచ్చేయండి. చేయాల్సింది ఇదే వరుసలో చేయండి: వెచ్చదనం, తర్వాత నీళ్లు, ఆ తర్వాతే మేత. కంగారులో అందరూ మొదట తినిపించాలని చూస్తారు. ఒళ్లు చల్లబడిన కోడికి అరుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పుడు బలవంతాన పెట్టిన మేత మెడ కింద ఉండే మేతసంచిలోనే నిలిచిపోయి పులుస్తుంది. ఉన్న జబ్బు చాలదని ఇంకోటి తోడవుతుంది.

కోడి ఒంటి వేడి మనకంటే ఎక్కువ. మామూలుగా 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. చలిలో ఆ వేడి నిలబెట్టుకోవాలంటే మామూలు రోజులకంటే ఎక్కువ తినాలి. మీ పెట్ట అసలు తినడమే లేదు. అంటే ఒంట్లో ఉన్న కండే కరిగి వేడిగా మారుతోంది. మీరు బయటి నుంచి వేడి ఇస్తే ఆ ఖర్చు దానికి తప్పుతుంది, మిగిలిన శక్తి కోలుకోవడానికి పనికొస్తుంది.

పెద్ద అట్టపెట్టె తీసుకోండి. అడుగున పాత తువ్వాలు పరవండి. వేడినీళ్ల సీసాకి గుడ్డ చుట్టి ఒక మూల పెట్టండి. రెండో మూల చల్లగానే వదిలేయాలి, వేడి ఎక్కువైతే అటు జరుగుతుంది. పెట్టె లోపల కోడి వీపు ఎత్తులో 27 నుంచి 30 డిగ్రీలు ఉంటే చాలు. నోరు తెరిచి ఎగపోస్తున్నా, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకున్నా వేడి ఎక్కువైనట్టు. ఇంకో మాట: సీసా చల్లారితే వెంటనే తీసేయండి. చల్లటి సీసా కోడి ఒంట్లోని వేడిని లాగేస్తుంది.

వెన్నెలగూడు:
బొగ్గుల కుంపటి మాత్రం ఆ గదిలో పెట్టకండి. మూసిన గదిలో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ మనుషులనే చంపుతుంది, కోడి ఎంతసేపు తట్టుకుంటుంది? వంటగదిలో కూడా వద్దు. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు తెలియదు గానీ పక్షులకు ప్రాణాంతకం.

వేడి బల్బు పెడితే దాన్ని వైరుకి వేలాడదీయకుండా గొలుసుతో గట్టిగా కట్టండి. గడ్డికి, గుడ్డకి, అట్టకి తగలనంత దూరంలో ఉండాలి. కోళ్ల గూళ్లు కాలిపోవడానికి ఈ బల్బులే పెద్ద కారణం. వెలుతురు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ బల్బు దొరికితే అదే మేలు. రాత్రంతా వెలుగులో ఉంటే కోడికి నిద్ర ఉండదు.

నాలుగుపెట్టలు:
నేను కాస్త వేరుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. కోడికి ఈకలే దుప్పటి. ఇంట్లో వెచ్చగా పెట్టి అలవాటు చేస్తే మళ్లీ బయటి చలికి తట్టుకోలేదు. ఎన్నో ఏళ్లుగా పెంచుతున్నాను, మా గూట్లో ఎప్పుడూ హీటర్ పెట్టలేదు.

గడ్డివాము:
ఆరోగ్యంగా ఉన్న కోడి విషయంలో మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజమండీ. నేనూ మా గూట్లో హీటర్ పెట్టను. కానీ ఈకలు తమంతట తాము వేడి పుట్టించవు, లోపల పుట్టిన వేడిని బయటికి పోకుండా ఆపుతాయి. తిండి మానేసిన కోడికి లోపల పుట్టేదే తక్కువ. పైగా ముసురులో ఈకలు తడిసి ఉంటే ఆపే శక్తీ పోతుంది. మట్టిగూడు గారూ, ఈకల కింద చర్మం దాకా వేలు పెట్టి చూడండి. తడి ఉంటే ముందు తువ్వాలుతో అద్ది, హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో దూరంగా పట్టి ఆరబెట్టండి.

తిరిగి బయటికి పంపేటప్పుడు జాగ్రత్త కావాలన్నది మాత్రం ఒప్పుకుంటాను. అది తర్వాత మాట్లాడుకుందాం.

మట్టిగూడు:
తెచ్చేశాను. పైన తడి ఉంది, లోపల పొడిగానే ఉంది. పెట్టెలో పెట్టాను. వణుకు కాస్త తగ్గింది. నీళ్లు ఎలా పట్టాలి? గిన్నె ముందు పెడితే చూస్తూ నిలబడింది.

వెన్నెలగూడు:
ముక్కు కొన నీళ్లలో ఒకసారి ముంచి వదిలేయండి, చాలా కోళ్లు అక్కడి నుంచి వాటంతట అవే తాగుతాయి. తాగకపోతే డ్రాపర్‌తో ముక్కు పక్కన, రెండు దవడలు కలిసే చోట ఒక్కో చుక్క వదలండి. అది మింగింది అని చూశాకే రెండో చుక్క. గోరువెచ్చటి నీళ్లు అయితే మంచిది. నోరు తెరిచి లోపలికి మాత్రం పోయవద్దు. నాలుక మొదట్లోనే ఊపిరి పోయే రంధ్రం ఉంటుంది. నీళ్లు అందులోకి వెళితే ఊపిరితిత్తుల్లోకే పోతాయి. నూనె పోసేవాళ్లు కూడా ఉన్నారు, అది ఇంకా ప్రమాదం.

కోళ్లకిచ్చే ఎలక్ట్రోలైట్ పొడి ఉంటే ప్యాకెట్ మీద రాసిన కొలతలో కలపండి. పక్కన మామూలు నీళ్లు కూడా ఉంచండి.

పక్షులడాక్టరమ్మ:
ఇప్పుడే చూశాను. వెచ్చగా పెట్టి మంచి పని చేశారు. అది కాస్త స్థిమితపడ్డాక మంచి వెలుతురులో ఒళ్లోకి తీసుకుని, ముక్కు నుంచి తోక దాకా చేత్తో తడిమి చూడండి. "చలి చేసింది" అనుకుని అక్కడితో ఆగిపోవద్దు. ఒళ్లు పొడిగా ఉండి, కడుపు నిండా తింటున్న పెట్ట గడ్డకట్టే చలిని కూడా తట్టుకుంటుంది. అదే పెరట్లో, అదే ముసురులో మిగతా ఐదూ బాగానే ఉన్నాయి కదా. ఇదొక్కటే ఎందుకు తట్టుకోలేకపోతోంది? మనం పట్టుకోవాల్సింది అదీ. కోళ్లు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. బలహీనంగా కనిపిస్తే గుంపులోవే పొడుస్తాయి, బయటి జంతువులూ దాన్నే పట్టుకుంటాయి. అందుకే మనకు కనిపించేసరికి అది చాలా రోజులుగా బాధపడుతూ ఉండి ఉంటుంది.

రొమ్ము మధ్యలో ఎముక తడమండి. రెండు వైపులా కండ నిండుగా ఉందా, లేక ఎముక అంచు కత్తిలా చేతికి తగులుతోందా? కత్తిలా ఉంటే ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు. తర్వాత మెడ కింద, కుడివైపున మేతసంచి. గట్టిగా రాయిలా ఉందా, నీళ్ల సంచిలా జారుతోందా, ఖాళీగా ఉందా? దీన్ని రేపు తెల్లవారగానే, ఏమీ పెట్టకముందు మళ్లీ చూడాలి. రాత్రంతా అరిగి పొద్దున్నకి ఖాళీ కావాలి. కాకపోతే అక్కడ ఇబ్బంది ఉన్నట్టే. నోటి దగ్గర వాసన చూడండి, పుల్లగా వస్తే చెప్పండి.

తల మీద కండలా ఉండే జుట్టు రంగు చాలా చెబుతుంది. ఎర్రగా ఉందా, పాలిపోయిందా, ఊదారంగుకు తిరిగిందా? కళ్లలో నురగ, ముక్కులో చీమిడి, గొంతులో గురగుర ఉన్నాయా? పొట్ట కింద చేయి పెట్టి చూడండి. నిలువుగా నిలబడి ముక్కుతూ, తోక ఎత్తి దించుతూ ఉంటే గుడ్డు అడ్డుపడిందేమో అనుకోవాలి. చివరగా తోక ఎత్తి ముడ్డి చుట్టూ ఈకలు విడదీసి చర్మం దాకా చూడండి. ఈ చివరి పని చాలామంది చేయరు.

చిన్నపుంజు:
అక్కా, ఇంట్లో మనుషులకి వాడగా మిగిలిన యాంటీబయాటిక్ ఉంటే చిటికెడు నీళ్లలో కలిపి ఇవ్వొచ్చు కదా? మా వాళ్లు అలాగే చేస్తారు. ఒకట్రెండు కోళ్లు బతికాయి కూడా.

పక్షులడాక్టరమ్మ:
వద్దు తమ్ముడూ. యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీదే పనిచేస్తుంది. మేతసంచి పులిసినా, గుడ్డు అడ్డుపడినా, పురుగులు రక్తం తాగుతున్నా, వైరస్ వచ్చినా దానివల్ల ఉపయోగం లేదు. మోతాదు కోడి బరువును బట్టి లెక్కకట్టాలి. నీళ్లే తాగని కోడికి నీళ్లలో కలిపిన మందు ఎంత లోపలికి వెళ్లిందో ఎవరికీ తెలియదు. అరకొర మోతాదులో ఇస్తే ఆ మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. పైగా మందు గుడ్లలోకి దిగుతుంది. ఏ మందు ఇచ్చాక ఎన్ని రోజులు గుడ్లు తినకూడదో డాక్టర్‌ని అడిగి తెలుసుకోవాలి. అవసరమైతే నేనూ యాంటీబయాటిక్ రాస్తాను, కానీ ఏ జబ్బో తేలాకే.

మట్టిగూడు:
చూశాను. రొమ్ము ఎముక బాగా తెలుస్తోంది, చేతిలోకి తీసుకుంటే తేలిగ్గా ఉంది. పైకి ఈకలతో నిండుగా కనబడుతోంది కానీ లోపల కండ లేదు. మేతసంచిలో కొంచెం నీళ్లున్నట్టున్నాయి, గట్టిగా లేదు, వాసన లేదు. కళ్లు, ముక్కు శుభ్రంగా ఉన్నాయి. పొట్ట మెత్తగా ఉంది. రెట్ట ఆకుపచ్చగా, పలచగా వేసింది. జుట్టు మాత్రం బాగా పాలిపోయింది, తెలుపులో కలిసిన లేత గులాబీ రంగు.

ముడ్డి కింద ఈకలు నల్లగా, అట్టకట్టి ఉన్నాయి. మురికేమో అనుకుని తడిగుడ్డతో తుడిచాను, పోలేదు. చర్మం మీద చెక్కులు కట్టింది. ఇప్పుడు నా చేతి మీద ఏవో సన్నగా పాకుతున్నట్టుంది. చుక్కంత కూడా లేవు.

వెన్నెలగూడు:
అది మురికి కాదండీ. మైట్లు, అంటే రక్తం తాగే సన్నటి పురుగులు.

పక్షులడాక్టరమ్మ:
నాకూ అదే అనిపిస్తోంది. పచ్చటి రెట్ట గురించి ముందు చెబుతాను, దానికి భయపడొద్దు. మేత లోపలికి వెళ్లనప్పుడు పైత్యరసమే బయటికి వస్తుంది, అందుకే ఆ రంగు. ఆకలితో ఉన్న ఏ కోడికైనా అలాగే వస్తుంది. ఎర్రగా రక్తం పడితే వేరే సంగతి, ముఖ్యంగా చిన్న వయసు కోళ్లలో అది కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు కావొచ్చు.

ఇక మైట్ల సంగతి. రెడ్ మైట్ అని ఒకటుంది, అది పగలు గూటి చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి మాత్రమే కోడి మీదికి వస్తుంది. మీరు చెప్పిన లక్షణాలు నార్తర్న్ ఫౌల్ మైట్‌వి. ఇది రేయింబవళ్లు కోడి మీదే ఉంటుంది. గుడ్లూ ఈకల మొదళ్లలోనే పెడుతుంది. ముడ్డి చుట్టూ ఈకలు నల్లబడటం దీని గుర్తు. ఆ నలుపంతా మైట్లు, వాటి గుడ్లు, వాటి మలం. చాలా పురుగులు వేసవిలో పెరుగుతాయి కదా, ఇది చల్లటి కాలంలో ఎక్కువవుతుంది. రక్తం తాగడమే దాని పని. వందలు వేలు చేరితే కోడి నెత్తురు తగ్గి జుట్టు పాలిపోతుంది. నెత్తురు తగ్గిన కోడి ఒంటి వేడి నిలబెట్టుకోలేదు. మీ పెట్ట చలికి పడిపోయినట్టు కనిపించడానికి అసలు కారణం ఇదే అయ్యుండాలి.

ఒక ప్రశ్న. మిగతా వాటికీ దీనికీ ఏమైనా తేడా ఉందా? వేరే చోటు నుంచి తెచ్చారా?

మట్టిగూడు:
అవునండీ. మిగతా ఐదూ మా దగ్గరే పొదిగించినవి. ఇదొక్కటే లేయర్ ఫారం (గుడ్ల కోళ్ల ఫారం) వాళ్లు పాత కోళ్లను తీసేస్తుంటే తెచ్చుకున్నాం. దాని పై ముక్కు కొన కత్తిరించి ఉంటుంది.

పక్షులడాక్టరమ్మ:
అయితే సరిపోయింది. కోడికి ముక్కే దువ్వెన. పై ముక్కు కొన కింది ముక్కు మీద కొంచెం వంగి ఉంటుంది, ఆ కొనతోనే ఈకల మొదళ్ల నుంచి పురుగుల్ని ఏరి పారేస్తుంది. కొన తీసేసిన కోడి ఎంత దువ్వుకున్నా పురుగు చిక్కదు. ముక్కు కత్తిరించిన కోళ్ల మీద ఈ మైట్లు ఎక్కువగా ఉండటం పరిశోధనల్లోనూ తేలిన విషయమే. దానికి తోడు ముసురు వల్ల పొడిమట్టిలో పొర్లడం కూడా కుదిరి ఉండదు. ఉన్న రెండు దారులూ మూసుకుపోయాయి దానికి.

ఈ రాత్రి స్నానం చేయించవద్దు, ద్రవ మందులు చల్లవద్దు. తడిపితే చలికే పోతుంది. కోళ్లకు వాడవచ్చని లేబుల్ మీద రాసి ఉన్న పెర్మెత్రిన్ పొడి గానీ, గంధకం పొడి గానీ ఉంటే ముడ్డి చుట్టూ, రెక్కల కింద, మెడ వెనక ఈకల మొదళ్లకు తగిలేలా వేలితో రుద్దండి. ముఖానికి దూరంగా ఉంచండి. మీరు మాస్క్ వేసుకోండి, పొడి గాలిలో లేవకుండా నెమ్మదిగా వాడండి. లేబుల్ మీద ఉన్న మోతాదు దాటవద్దు. ఇంట్లో పిల్లి ఉంటే పెర్మెత్రిన్ దాని దరిదాపుల్లోకి రానివ్వకండి, పిల్లులకు అది విషం.

మందు ఇప్పుడు ఇంట్లో లేకపోతే రేపు వేయొచ్చు, దాని కోసం అర్ధరాత్రి పరుగులు అక్కర్లేదు. ఈ రాత్రికి వెచ్చదనం, నీళ్లే ముఖ్యం. కానీ రేపు డాక్టర్‌కి చూపించడం మాత్రం మానొద్దు. రెట్ట పరీక్ష చేస్తే కడుపులో పురుగులున్నాయేమో తెలుస్తుంది, అవీ నెత్తురు తగ్గిస్తాయి. ఐరన్, బి విటమిన్లు కావాలో లేదో చూసి వాళ్లే ఇస్తారు.

తెల్లజుట్టు:
మట్టిగూడు గారి పెట్ట కోలుకోవాలని మనసారా కోరుకుంటున్నాను. ఇదే సందర్భంలో నా సమస్య కూడా అడగొచ్చా? మా కోళ్లు రెండు మూడు తుమ్ముతున్నాయి. తింటున్నాయి, తిరుగుతున్నాయి. చలిగాలి తగలకుండా గూడు చుట్టూ ప్లాస్టిక్ షీటు కట్టి పూర్తిగా మూసేశాం. తుమ్ములు ఆ తర్వాతే మొదలయ్యాయి.

గడ్డివాము:
తెల్లవారుజామున గూటి తలుపు తీసి, కోళ్లు పడుకునే కర్ర ఎత్తుకు మీ ముఖం వంచి గాలి పీల్చండి. కళ్లు మండినా, ముక్కు ఘాటెక్కినా అది అమ్మోనియా. షీటు లోపలివైపు నీటి చుక్కలు పట్టి ఉన్నాయేమో కూడా చూడండి. రెట్టలో నాలుగింట మూడు వంతుల దాకా నీరే ఉంటుంది. దానికి తోడు కోళ్లు రాత్రంతా వదిలే ఊపిరిలో తేమ. అదంతా బయటికి పోయే దారి లేక లోపలే నిలిస్తే గూటి నేల మీద వేసిన పరుపు తడుస్తుంది, తడిసిన పరుపులోంచి అమ్మోనియా లేస్తుంది, అది గొంతులోని సున్నితమైన పొరను దెబ్బతీస్తుంది. అక్కడి నుంచి ఏ క్రిమి అయినా సులువుగా లోపలికి వెళుతుంది. గట్టి చలిలో జుట్టు కొనలు గడ్డకట్టి నల్లబడటానికి కూడా ఈ తేమే ఎక్కువ కారణం.

గాలి తగలకూడదని మీరు అనుకున్నది సరైనదే, కానీ తగలకూడనిది కోడి ఒంటికి. పైకప్పు కింద, కోళ్ల తలలకంటే బాగా ఎత్తులో, ఎదురెదురుగా సందులు వదలండి. కింద మూడు వైపులా మూసే ఉంచండి. తడిసిన పరుపు తీసేసి పొడి రంపపు పొట్టో, ఊకో మందంగా వేయండి. నాకు గూడు వెచ్చగా ఉందా లేదా అన్నదానికంటే పొడిగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

పక్షులడాక్టరమ్మ:
గాలి మార్చాక కొద్ది రోజుల్లో తుమ్ములు తగ్గకపోతే చూపించండి. కళ్లలో నురగ వస్తే మైకోప్లాస్మా, ముఖం వాచి ముక్కు నుంచి చెడు వాసన వస్తే కొరైజా, ఇలా బ్యాక్టీరియా వల్ల వచ్చే శ్వాస జబ్బుల గురించి ఆలోచించాల్సి ఉంటుంది. తుమ్మే వాటిని వేరు చేయండి. రోజూ ముందు ఆరోగ్యంగా ఉన్నవాటి పని చూసుకుని, చివరగా జబ్బువాటి దగ్గరికి వెళ్లండి. వాటికి వేరే చెప్పులు, వేరే గిన్నెలు. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఈ మాట అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఒక్కసారిగా చాలా కోళ్లు పడిపోతే, ఏ లక్షణం లేకుండా చనిపోతే, జుట్టూ, గడ్డం కింద వేలాడే తమ్మెలూ నీలంగా మారి ముఖం వాస్తే, మెడలు తిరిగిపోతే ఇంటి వైద్యం ఆలోచనే వద్దు. బర్డ్ ఫ్లూ కావొచ్చు, కొక్కెర తెగులు కావొచ్చు. బర్డ్ ఫ్లూ మనుషులకూ సోకగలదు. చనిపోయిన వాటిని ఉత్తి చేతులతో ముట్టుకోకండి, కోయకండి, మిగిలిన వాటిని ఎక్కడికీ తరలించకండి. పశుసంవర్ధక శాఖకు వెంటనే చెప్పండి. బర్డ్ ఫ్లూ వైరస్ చల్లటి తేమలో ఎక్కువ రోజులు బతుకుతుంది, అందుకే చలికాలంలో ఇంకా అప్రమత్తంగా ఉండాలి.

మట్టిగూడు గారిది ఆ కోవలోది కాదు, కంగారు పడకండి.

మట్టిగూడు:
రాత్రి గడిచింది! పొద్దున్న పెట్టె తెరిచేసరికి నిలబడి ఉంది, కళ్లు తెరిచి చూసింది. మేతసంచి ఖాళీగా ఉంది. నీళ్లు తనే తాగింది. డాక్టర్‌కి చూపించాను. మైట్లే అన్నారు. ఒక ఇంజెక్షన్ ఇచ్చారు, రెట్ట పరీక్షకు తీసుకున్నారు, పొడి మందు ఇచ్చి ఎలా వేయాలో చూపించారు. ఇప్పుడు ఏం తినిపించాలి?

వెన్నెలగూడు:
ఎంత మంచి కబురు! మేతసంచి ఖాళీ అయిందంటే అరుగుదల పనిచేస్తోందన్నమాట. ఇక పెట్టొచ్చు. మామూలు లేయర్ దాణానే గోరువెచ్చటి నీళ్లతో తడిపి ముద్దలా చేసి కొంచెం కొంచెంగా, రోజుకు చాలాసార్లు పెట్టండి. అందులో ఉడికించిన గుడ్డు పచ్చసొన చిదిమి కలపండి. మిగిలిపోయిన తడి దాణా గిన్నెలో ఉంచేయకండి, త్వరగా బూజు పడుతుంది. ఇష్టంగా తింటోంది కదా అని ఉత్తి గింజలతో కడుపు నింపవద్దు. నెత్తురు పట్టడానికి, ఈకలు రావడానికి మాంసకృత్తులు కావాలి, గింజల్లో అవి చాలవు.

రోజూ పొద్దున్నే, మేత పెట్టకముందు తూకం వేసి రాసిపెట్టుకోండి. కంటికి తెలియని మార్పు తూకంలో తెలుస్తుంది. ఈకల వల్ల ఎప్పుడూ బొద్దుగానే కనిపిస్తాయి ఇవి.

పక్షులడాక్టరమ్మ:
మిగతా ఐదింటికీ ఇవాళే అదే మందు వేయండి, పైకి బాగున్నా సరే. పరుపు, గుడ్లు పెట్టే గంపల్లోని గడ్డి మొత్తం తీసి మార్చండి. కోడి లేకపోయినా ఈ మైట్ కొన్ని వారాలు బతకగలదు. మందు పెద్ద పురుగుల్ని చంపుతుంది గానీ గుడ్లను వదిలేస్తుంది. అనుకూలంగా ఉంటే వారం అటూఇటూగా కొత్త తరం తయారవుతుంది. అందుకే లేబుల్ మీద చెప్పిన వ్యవధికి రెండోసారి తప్పకుండా వేయాలి. ఒక్కసారి వేసి తగ్గిందని వదిలేసినవాళ్లకు మళ్లీ మొదటికొస్తుంది.

మట్టిగూడు:
ఐదింటికీ చూశాను. రెండింటి మీద కొద్దిగా ఉన్నాయి, మూడు శుభ్రంగా ఉన్నాయి. అన్నిటికీ వేశాను. మా పెట్ట ఇప్పుడు పెట్టెలోంచి దూకేయాలని చూస్తోంది. తూకం నెమ్మదిగా పెరుగుతోంది, జుట్టుకి కాస్త రంగు వచ్చింది. బయటికి పంపొచ్చా? నాలుగుపెట్టలు గారు చెప్పిన మాటే భయంగా ఉంది, ఈ వెచ్చదనం నుంచి చలిలోకి ఎలా?

నాలుగుపెట్టలు:
మీ పెట్ట లేచినందుకు చాలా సంతోషమండీ. భయం వద్దు, మెల్లగా దించండి. మొదట సీసా తీసేసి ఇంట్లోనే మామూలు వేడిలో ఉంచండి. తర్వాత వరండాలోనో, గాలి కొట్టని కొట్టంలోనో కొన్ని రోజులు. అక్కడా ఈకలు ఉబ్బించకుండా, చురుగ్గా తింటూ ఉంటేనే గూటికి. ముసురు తగ్గి ఎండ వచ్చిన రోజు చూసి పంపండి.

చలికంటే నాకు గుంపు గురించే ఎక్కువ బెంగ. కొద్ది రోజులు కనబడకపోతే చాలు, కోళ్లు దాన్ని కొత్తదానిలా చూస్తాయి. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరుస అప్పటికి మారిపోయి ఉంటుంది. నెత్తురు తక్కువున్న పెట్ట పొడుపులు తట్టుకోలేదు. అందుకని ముందు మధ్యలో జాలీ పెట్టి, ఒకదానికొకటి కనిపించేలా ఉంచండి. మిగతావాటిలో నెమ్మదైనదాన్ని ఒకదాన్ని దీనికి తోడుగా ఇటువైపు వదలండి. కలిపే రోజున మేత, నీళ్లు రెండు మూడు చోట్ల పెట్టండి, ఒక్కచోటే ఉంటే దీన్ని దగ్గరికి రానివ్వవు. చిన్నచిన్న పొడుపులు ఉంటాయి, వదిలేయండి. రక్తం కనిపిస్తే మాత్రం వెంటనే విడదీయండి, ఎర్రటి చుక్క చూస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

తెల్లజుట్టు:
మా గూటికి పైన సందులు వదిలి పరుపు మార్చాం. తుమ్ములు బాగా తగ్గాయి. ఒకదానికి మాత్రం ఇంకా ఉంది, వేరుగా పెట్టాను. రేపు చూపిస్తాను. గడ్డివాము గారికి చాలా థ్యాంక్స్.

మట్టిగూడు:
జాలీ అవతల పెట్టాను, తోడుగా ఒకదాన్ని వదిలాను. రెండూ ఒకదాని పక్కన ఒకటి పడుకుంటున్నాయి. ఇంకొన్ని సందేహాలు. ముసురు పడుతుంటే మట్టిలో పొర్లడానికి ఏం ఏర్పాటు చేయాలి? దీనికి ముక్కు ఎప్పటికీ అలాగే ఉంటుంది కదా, మళ్లీ రాకుండా ఎలా? గుడ్లు ఎప్పుడు మొదలుపెట్టొచ్చు?

గడ్డివాము:
వాన తడి చేరని చోట, పైకప్పు కింద, కోడి పూర్తిగా పొర్లగలిగే వెడల్పున్న తొట్టి పెట్టండి. ఒక అడుగు లోతున పొడిమట్టి, ఇసుక కలిపి నింపండి. కట్టెల బూడిద కొంచెం కలిపినా మంచిదే, అయితే పొడిగా ఉండాలి. తడిసిన బూడిద చర్మాన్ని కాలుస్తుంది. మట్టి గడ్డకట్టినప్పుడల్లా మార్చండి. ఇది ఉన్న మైట్లను పూర్తిగా పోగొట్టదు, పెరగకుండా ఆపడానికి ఉపయోగపడుతుంది.

పక్షులడాక్టరమ్మ:
ముక్కు విషయంలో మీరే దానికి సాయం కావాలి. చలికాలమంతా కనీసం రెండు వారాలకోసారి రాత్రి కర్ర మీద ఉన్నప్పుడు టార్చ్ పట్టుకుని తోక ఎత్తి చూడండి. దీనికి ఎప్పుడైనా ముందు కనిపిస్తాయి, కాబట్టి దీన్ని చూస్తే మిగతా గుంపు పరిస్థితి కూడా తెలిసిపోతుంది. కొత్త కోడిని తెచ్చినప్పుడు నెల రోజులు వేరుగా ఉంచి, ఇలాగే చూశాకే కలపండి. అడవి పక్షుల గూళ్ల నుంచి కూడా ఈ మైట్ వస్తుంది, మీ కొట్టం చూరులో పాత గూళ్లు ఖాళీగా ఉంటే తీసేయండి.

గుడ్ల కోసం తొందరపెట్టకండి. కోడి గుడ్లు బాగా పెట్టాలంటే రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలి, ఇప్పుడు పగలు చిన్నవి. కొందరు లైటు పెట్టి పెట్టిస్తారు, దీనికి మాత్రం వద్దు. ఒక్కో గుడ్డుకీ ఒంట్లోని మాంసకృత్తులు, కాల్షియం ఖర్చవుతాయి. అవి ఇప్పుడు నెత్తురుకీ కండకీ కావాలి. పగళ్లు పెరిగాక, తూకం నిలకడపడ్డాక, జుట్టు ఎర్రబడ్డాక తనే మొదలుపెడుతుంది. అప్పటికి కూడా వాడిన మందులన్నిటికీ గుడ్లు తినకూడని గడువు దాటిందో లేదో మీ డాక్టర్‌ని ఒకసారి అడిగి వాడుకోండి. రెండో విడత పొడి వేశాక ముడ్డి దగ్గర ఎలా ఉందో ఇక్కడ రాయండి, చెక్కులు మానకపోతే దానికి వేరే మందు రాయాల్సి వస్తుంది.